గాలాల బుట్ట దగ్గర

చేపల శాఖలో చేరినప్పుడు నాకు ఈత రాదు. ఇప్పటి కుర్రాళ్ళు ఈ మాట వింటే నవ్వుతారు గానీ, అప్పట్లో మా నందిగామ ఆఫీసులో ఎవరికీ రాదు. ఇంటర్వ్యూలో చేపల శాస్త్రీయ నామాలు అడిగారు, చెప్పాను. నీళ్ళలో పడితే ఏం చేస్తావని ఎవరూ అడగలేదు.

డెబ్భైల చివర్లో నేనక్కడ ఫీల్డ్‌మన్‌ని. మా ఇన్‌స్పెక్టరు గారు కుర్చీలోంచి లేవకుండానే రెండు తాలూకాల చెరువుల సంగతి చెప్పగల మనిషి. ఆయన చెప్పింది నిజమో కాదో చూసి రావడం నా పని. సైకిలు మీద మునేటి గట్లు, బస్సులో జగ్గయ్యపేట, అక్కడి నుంచి ముక్త్యాల దగ్గర కృష్ణ ఒడ్డు. ఎక్కడికి వెళ్ళినా సంచిలో ఒక నోటు పుస్తకం ఉండేది. చేపలు పట్టేవాళ్ళకు చేపల గురించి చెప్పడానికి నేను ఏనాడూ మొహమాటపడలేదు.

వరసగా రెండేళ్ళు వానలు లేక చెరువులు ఎండాయి. మునేరు ఇసక తేలింది. విసురు వలలతో బతికే కుటుంబాలకు పని లేకుండా పోయింది. మిగిలిందల్లా కృష్ణలో ముక్త్యాల వైపు లోతు మడుగులు. అక్కడ మనిషంత వాలుగలున్నాయని అందరికీ తెలుసు. అయితే ఆ లోతులో విసురు వల పనిచేయదు. సముద్రం మీద వాడే పొడుగాటి గాలాల తాడు అయితే పనిచేస్తుందని నేను ఎక్కడో చదివాను. ఒక కుటుంబాన్ని బందరు తీసుకెళ్ళి ఆ పద్ధతి నేర్పించుకొస్తానని కాగితం పెట్టాను. ఇన్‌స్పెక్టరు గారు రెండుసార్లు చదివి, "నువ్వెప్పుడైనా సముద్రం చూశావా?" అన్నారు.

"చూశానండి. బీచీ మీంచి."

"సరే, ఈసారి అవతలి నుంచి బీచీని చూసిరా," అని సంతకం చేశారు.

నేను ఎంచుకున్న కుటుంబం మునేటి ఒడ్డు ఊరిది. పెద్దాయనకు అరవై దగ్గర. ఆయన విసిరిన వల నీటి మీద పళ్ళెంలా గుండ్రంగా పడేది. చుట్టుపక్కల ఊళ్ళలో ఆయన చెయ్యి గురించి చెప్పుకునేవాళ్ళు. కూతురికి ఇరవై అయిదేళ్ళుంటాయి. అల్లుడు గరికపాడు అవతల, తెలంగాణ వైపు ఊరివాడు, ఇల్లరికం వచ్చాడు. ముగ్గురూ కలిసే వేటకు వెళ్ళేవాళ్ళు.

బందరు రేవులో ఒక మరపడవను మా ఆఫీసు ఉత్తరం మీద మూడు రోజులకు మాట్లాడాం. దాన్ని నడిపే సరంగు నల్లగా, పొట్టిగా, అతి తక్కువ మాట్లాడే మనిషి. కూతురిని చూడగానే తల అడ్డంగా ఊపాడు.

"ఆడమనిషిని ఎక్కించనండి. మా రేవులో అలవాటు లేదు."

"గాలానికి ఎర గుచ్చేది అదే బాబూ," అన్నాడు పెద్దాయన. "అది పక్కన లేకపోతే నా చెయ్యి ఆడదు."

సరంగు నా వైపు చూశాడు. నేను ఉత్తరం చూపించాను. ఉత్తరంలో 'కుటుంబం' అని ఉంది. అతను ఇంకేం అనలేదు గానీ, ఆ రోజంతా ఆమె వైపు చూడలేదు కూడా.

మొదటి రోజు ఒడ్డునే పాఠం. ఆ తాడు సంగతి మీకు కాస్త చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. వందల బారల పొడుగున్న తాడు. దానికి రెండేసి బారల దూరంలో చిన్న తాళ్ళు, ఒక్కో చిన్న తాడుకు ఒక గాలం. తాడంతా బుట్టలో చుట్టలు చుట్టి, గాలాలను బుట్ట అంచుకు కట్టిన గడ్డి పేనిన వెంటిలో వరసగా గుచ్చుతారు. తాడు మొదట్లో రాయి కట్టి సముద్రంలో వదులుతారు. పడవ ముందుకు పోతూంటే తాడు వెనక్కి జారిపోతూంటుంది. బుట్ట దగ్గర కూర్చున్న మనిషి ఒక్కో గాలాన్నీ వరస తప్పకుండా తీసి నీళ్ళలోకి విసరాలి. విసరగానే చెయ్యి గుండెకు ఆనించుకోవాలి. తాడు ఎవరికోసమూ ఆగదు.

సరంగు ముగ్గురికీ చెప్పింది రెండే మాటలు. "చిక్కు పడితే ముట్టుకోవద్దు. పోయేదాన్ని పోనీ." రెండో మాటగా, ఒక చిన్న కత్తిని బుట్ట పక్కన చెక్క సందులో గుచ్చి, "ఇది ఎప్పుడూ ఇక్కడే," అన్నాడు.

నేను నోటు పుస్తకంలో రాసుకున్నాను. రెండు నియమాలు, ఒకటి, రెండు, అని అంకెలు వేసి మరీ.

రెండో రోజు తెల్లవారగానే పోటు మీద మొగ దాటాం. మొగ అంటే కాలవ సముద్రంలో కలిసే చోటు. అక్కడ ఇసక మేట వేసి లోతు తక్కువ. పోటు నీళ్ళున్నప్పుడే పడవ దాటుతుంది. ఆటు తగిలితే అక్కడ అలలు విరిగి పడతాయి. ఒడ్డు కనుమరుగయ్యేసరికి నా కడుపులో తిప్పడం మొదలైంది. అల్లుడు నన్ను చూసి నవ్వు ఆపుకోలేకపోయాడు.

"ఏంది సారూ, మొఖం గట్లయింది? పండుకోండి జర."

నా సంచిలో నిమ్మకాయలున్నాయి. మా అమ్మ ఇచ్చింది. కోయడానికి చుట్టూ చూశాను. కత్తి బుట్ట పక్కన ఉంది. పెద్దాయన అప్పుడు తాడు చుట్టలు సర్దుకుంటున్నాడు, సరంగు చుక్కాని దగ్గర ఉన్నాడు. వంగి కత్తి తీసుకున్నాను, కాయ కోసుకున్నాను, చప్పరించాను. కత్తిని నా పక్కన, నీళ్ళ కుండ దగ్గర పెట్టాను. తిరిగి పెడదామనే అనుకున్నాను. ఇంతలో వాంతి వచ్చి పడవ అంచుకు వంగాను. లేచేసరికి కత్తి సంగతి నా బుర్రలో లేదు.

తాడు వదలడం మొదలుపెట్టారు. కూతురు ఎరగా కవళ్ళ చేపల ముక్కలు గుచ్చుతోంది, పెద్దాయన విసురుతున్నాడు. మొదట పదీ పదిహేను గాలాలు తడబడ్డాడు. తర్వాత చెయ్యి కుదిరింది. విసిరే ప్రతిసారీ మణికట్టులో అదే పాత విసురు వల లయ. సరంగు కూడా ఒకసారి వెనక్కి తిరిగి చూసి, "చెయ్యుందయ్యా నీకు," అన్నాడు. నేను పొంగిపోయి పుస్తకం తీశాను.

ఏం రాయబోయానో గుర్తు లేదు. రెండు గాలాలు ఒకదానికొకటి మెలి పడ్డాయి. నదిలో అయితే పడవ కదలదు, తాడు కదలదు. చిక్కు పడితే చేత్తో విడదీయడం ఆయనకు నలభై ఏళ్ళ అలవాటు. ఆ అలవాటే ఆయన చెయ్యి చాపించింది. మెలి విడిపోయింది. రెండో గాలం ఆయన అరచేతిలో, వేళ్ళ మొదట్లో దిగింది.

ఆయన అరవలేదు. తాడు చేతిని లాక్కుపోయింది, వెంటే మనిషిని. ఛాతీ పడవ అంచుకు ధడాలున తగిలింది. అల్లుడు దూకి నడుం పట్టుకున్నాడు.

"మావా! మావా!"

"ఇంజను!" అని సరంగు కేకేశాడు. ఇంజను మనిషి ఆపేశాడు. ఇంజను ఆగినా పడవ ఆగదు. వెనకాల వంద బారల తాడూ, రాయీ, సముద్రం బరువూ ఆ ఒక్క చేతి మీద వేలాడుతున్నాయి.

"కత్తి! కత్తి తియ్!"

కూతురు చెయ్యి చెక్క సందు మీదికి పోయింది. అక్కడ ఏమీ లేదు. ఆమె ఒక్క క్షణం ఆ ఖాళీ సందు వైపు చూసింది. ఆ చూపు నాకు ఇప్పటికీ కనబడుతుంది. మరుక్షణం ఎర కింద పరచిన గోనె పట్టా లాగి చేతులకు చుట్టుకుంది. తండ్రి చేతికి అవతల, నీళ్ళలోకి పోతున్న తాడును రెండు చేతులా పట్టి, పడవ అంచున ఉన్న గుంజకు రెండు చుట్లు తిప్పేసింది. గుంజ కిర్రుమంది. తాడు తీగలా బిగిసింది. తండ్రి చేతి దగ్గర మాత్రం వదులైంది.

కృష్ణలో వరద రోజుల్లో వల రాళ్ళకు తగులుకుంటే వాళ్ళు అలాగే గడకు చుట్టి ఆపుతారట. తర్వాత తెలిసింది.

అప్పుడు నా కాలికి కత్తి తగిలింది. ఇక్కడ నేను చేసిన పని చెప్పడానికి ఇన్నేళ్ళు పట్టింది. కత్తిని తీసి "ఇదిగో" అని అందించలేదు. కాలితో ముందుకు తోశాను, అక్కడెక్కడో పడి ఉన్నట్టు. సరంగు చూసి, అందుకుని, చిన్న తాడు కోశాడు. పెద్దాయన వెనక్కి, అల్లుడి ఒళ్ళో పడ్డాడు. గాలం చేతిలోనే ఉంది.

"లాగొద్దు," అన్నాడు సరంగు. "దానికి వెనక ముల్లుంటది, కండ లాక్కొస్తది. డాక్టరే తియ్యాల." తుండుగుడ్డ గట్టిగా చుట్టాడు. తర్వాత తల వంచుకుని అన్నాడు: "తప్పు నాదే. తాడు వదిలేముందు కత్తి ఉందో లేదో చూసుకోవాల. చూడలే."

నేను నోటు పుస్తకం మూసి సంచిలో పెట్టుకున్నాను.

ఒడ్డు వైపు తిరిగి వచ్చేసరికి మధ్యాహ్నం అయింది. మొగ దగ్గర తెల్లటి నురగ గోడలా లేస్తోంది. ఆటు. సరంగు ఇంజను తగ్గించి లంగరు వేయమన్నాడు.

"ఎందుకు ఆపుతున్నావ్?" అన్నాను.

"నీళ్ళు లేవండి. పోటు రావాల."

"ఎంతసేపు?"

"రెండు గంటలు. ఇంకా ఎక్కువే పట్టొచ్చు."

"ఆయనకు రక్తం పోతోంది, కనపడ్డం లేదా? పోనీ! నేను చెప్తున్నా. ఏదైనా అయితే నాదే బాధ్యత."

బాధ్యత అనే మాట ఆ రోజు నా నోట్లోంచి అంత తేలిగ్గా ఎలా వచ్చిందో నాకే తెలియదు. సరంగు నా మొహంలోకి చూశాడు.

"మీ బాధ్యతేనండి. పడవ తిరగబడితే మీకు ఈతొచ్చా?"

పెద్దాయన కళ్ళు తెరవకుండానే, "ఆగుదాం సారూ. నీళ్ళ సంగతి ఆయనకు తెలుసు," అన్నాడు.

రెండు గంటలు కాదు, దాదాపు మూడు. పడవ ఒకే చోట లేస్తూ దిగుతూ ఉంది. ఎండ నెత్తి మీద. కూతురు తండ్రి చేతిని తన భుజం మీద పెట్టుకుని, దించకుండా కూర్చుంది. తుండుగుడ్డ నిండినప్పుడల్లా దాని మీద ఇంకో గుడ్డ. చివరికి తన పైట చించింది. అల్లుడు మామకు ఏవేవో కబుర్లు చెబుతూనే ఉన్నాడు, నిద్రపోనివ్వకుండా. ఒకసారి పెద్దాయన మాట తడబడి, చనిపోయిన భార్యను పిలిచాడు. కూతురు మెల్లిగా, "నేను నాయనా," అంది. ఆ మూడు గంటల్లో నేను చేసింది కుండలోంచి నీళ్ళు ముంచి ఇవ్వడం. చెప్పాల్సిన మాట నాలుక చివర దాకా రావడం, వెనక్కి పోవడం.

పోటు వచ్చింది. సరంగు లేచి నిలబడి అలల్ని లెక్కపెట్టినట్టు చూసి, ఒక అల వెనకే పడవను పోనిచ్చాడు. రెండు పక్కలా నురగ. ఒకసారి అడుగు ఇసకకు రాసుకుని పడవ మొత్తం ఒణికింది. దాటాం.

బందరు ఆస్పత్రిలో నెల రోజులకు చెయ్యి నిలిచింది. రెండు వేళ్ళు మాత్రం మళ్ళీ వంగలేదు.

నందిగామ తిరిగొచ్చాక రిపోర్టు రాశాను. 'ప్రమాద సమయమున కత్తి అందుబాటులో లేనందున' అని రాశాను. అబద్ధం కాదు. కర్త లేని వాక్యాలు రాయడం ఆఫీసులో చేరిన ఏడాదికే వచ్చేస్తుంది. మీకూ వచ్చే ఉంటుంది. ఇన్‌స్పెక్టరు గారు చదివి కలం తీశారు. "కత్తి ఎవరి దగ్గర ఉండాలి? సరంగు దగ్గరేగా?" అంటూ నా వాక్యానికి కర్తను చేర్చారు. 'సరంగు నిర్లక్ష్యము వలన'. అతని పడవను ఇకపై ఏ శిక్షణకూ తీసుకోరాదనీ, అతని మీద చర్య తీసుకోవాలనీ కింద రాసి, టైపు చేయించి, నా సంతకానికి నా బల్ల మీద పెట్టారు.

ఆ కాగితం రెండు రోజులు నా బల్ల మీదే ఉంది. మూడో రోజు పొద్దున్నే సైకిలెక్కి మునేటి ఒడ్డు ఊరికి వెళ్ళాను.

పెద్దాయన ఇంటి దగ్గర లేడు. ఏట్లో ఉన్నాడన్నారు. ఏట్లో నీళ్ళు లేవు, ఇసక. ఆ ఇసకలో నిలబడి వల విసురుతున్నాడు. వల అంచు పళ్ళతో పట్టుకుని, బాగున్న చేత్తో సగం, వంగని వేళ్ళ చేత్తో సగం. విసిరాడు. వల గుడ్డమూటలా ఒకచోట పడింది. వెళ్ళి ఎత్తుకున్నాడు, ఇసక దులిపాడు, మళ్ళీ విసిరాడు. కూతురు గట్టు మీద కూర్చుని చూస్తోంది. ఆయన దగ్గరకు వెళ్ళే ధైర్యం లేక ఆమె దగ్గర ఆగాను.

"ఆ రోజు కత్తి తీసింది నేను," అన్నాను.

ఆమె తల తిప్పలేదు. "తెలుసండి."

"తెలుసా?"

"మీరు కాలితో తోశారు గదండి. చూశా."

"మరి ఎందుకు చెప్పలేదు?"

"మీరు చెప్తారేమోనని చూశా. పడవలో చూశా. ఆస్పత్రిలో చూశా." ఆమె కళ్ళు తండ్రి వల మీదే ఉన్నాయి. "సరంగు తప్పు తనదేనన్నప్పుడైనా చెప్తారనుకున్నానండి."

నేను ఏట్లోకి దిగాను. పెద్దాయనకు చెప్పాను. ఆయన వల మడత పెడుతూ విన్నాడు. తిట్టలేదు, ఓదార్చనూ లేదు. "చెయ్యి పెట్టింది నేను. కత్తి తీసింది మీరు. ఆ సరంగుకి మాత్రం ఏం సంబంధం?" అన్నాడు. "అది చూడండి ముందు."

మధ్యాహ్నానికి ఆఫీసుకొచ్చి కొత్త రిపోర్టు రాశాను. ఈసారి ప్రతి వాక్యం 'నేను' అని మొదలైంది. ఇన్‌స్పెక్టరు గారు చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"నిజం రాశావు. బాగానే ఉంది. దీంతో సరంగు బయటపడతాడు. నీ పథకం మూలపడుతుంది. ఇంకో కుటుంబాన్ని ఎవడూ పంపనివ్వడు. అదీ ఆలోచించావా?"

ఆలోచించలేదు. ఆయన అన్నట్టే జరిగింది. పథకం ఆగింది. నాకు మెమో, దాని వెంట జగ్గయ్యపేట బదిలీ. శిక్షగా బదిలీ అయినవాడు గంటలో బస్సు దిగి, అదే చెరువుల వెనకవైపు చూసే ఉద్యోగం మా జిల్లాలో నాదొక్కటే అయ్యుంటుంది. మా ఇన్‌స్పెక్టరు గారు బస్టాండు దాకా వచ్చి, "అక్కడి కుర్చీ ఇక్కడిదాని కంటే నయం. దానికి చేతులున్నాయి," అన్నారు. ఆయన ఓదార్పు ఆ మాత్రమే.

మరుసటి ఎండాకాలం ఒక పొద్దున జగ్గయ్యపేట ఆఫీసు గుమ్మంలో అల్లుడు కనబడ్డాడు.

"సారూ, మేం మళ్ళ బందరు పోతున్నం. ఆ పడవే. మేమే మాట్లాడుకున్నం. పూర్తిగ నేర్వలేదు గద."

"ఆఫీసు నుంచి ఏమీ ఇవ్వలేనయ్యా."

"ఆఫీసు ఎందుకు? మిమ్మల్ని రమ్మన్నది మా ఆమె."

సెలవు పెట్టి వెళ్ళాను. రేవులో సరంగు నన్ను చూసి ఆగిపోయాడు. ఆ రిపోర్టు సంగతి అతనికి ఎవరో చెప్పే ఉంటారు, రెండు రకాలుగానూ. "ఈయన ఎందుకు?" అని కూతురినే అడిగాడు. ఈసారి ఆమె వైపు చూసే అడిగాడు.

"బుట్ట దగ్గర కూర్చుంటారు," అంది. "మా నాయన చెయ్యి ఆగింది. నేను విసురుతా, ఈ సారు ఎర గుచ్చుతారు. తర్వాత ఆయన విసురుతారు, నేను చూస్తా."

సరంగు పక్కకు జరిగి నాకు దారిచ్చాడు.

ఆ రోజు ఆమె విసిరింది చూశాను. తండ్రి లయ కాదు, ఆమెది వేరే. పొదుపుగా, తొందర లేకుండా, చెయ్యి గుండెకు చేరాకే తర్వాతి గాలం వైపు కన్ను. పెద్దాయన వెనక కూర్చుని తాడు జాడకు నీళ్ళ మీద వదిలే జెండా బెండును వంగని వేళ్ళతో ఒళ్ళో పట్టుకుని, కూతుర్ని తప్ప ఇంకేమీ చూడలేదు. ఆ సాయంత్రం తాడు లాగితే రెండు కోనాలు, ఒక సొర, లెక్కలేనన్ని జెల్లలు. ఆ ఏడే ఆ తాడు ముక్త్యాల మడుగుల్లో పడింది, వాలుగలు దొరికాయి. తర్వాత నాలుగైదు ఊళ్ళవాళ్ళు ఆమె దగ్గరే నేర్చుకున్నారు. మా శాఖ పుస్తకాల్లో ఆ సంగతి ఎక్కడా లేదు.

కానీ నాకు గుర్తుండిపోయింది రెండో రోజు, నా వంతు. బుట్ట ముందు కూర్చున్నాను. తాడు జారడం మొదలైంది. ఒకటి విసిరాను, రెండు, పది. వేగం కుదిరిందనుకునేలోగా ఎదురుగా రెండు గాలాలు మెలి పడ్డాయి. ఎంత చెప్పినా, ఎంత చూసినా, నా చెయ్యి దానంతట అదే ముందుకు పోయింది.

"చెయ్యి తియ్!"

ఆమె గొంతు. అండీ లేదు, సారూ లేదు. చెయ్యి గుండెకు వచ్చి అతుక్కుంది. మెలిపడ్డ గాలాలు రెండూ నా ముందు నుంచి ఎగిరి నీళ్ళలో పడి మునిగిపోయాయి.

"ఊ, తర్వాతది," అంది ఆమె. నేను తర్వాతది తీశాను.